గెలిచేదెవరని కాదు, పనికొచ్చేదెవరని చూడండి

2028 నవంబరు 7న అమెరికాలో అధ్యక్ష ఎన్నిక. ట్రంప్ ఇప్పటికే రెండుసార్లు గెలిచారు కాబట్టి 22వ రాజ్యాంగ సవరణ ప్రకారం మళ్లీ ఎన్నికయ్యే వీలు లేదు. అంటే రెండు పార్టీలూ కొత్త అభ్యర్థిని వెతుక్కోవాలి. అందుకే కాబోలు, అక్కడి తెలుగువాళ్ల నుంచి, ఇక్కడున్న వాళ్ల అమ్మానాన్నల నుంచి ఇప్పటి నుంచే ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: ఈ మధ్యే నాకు పౌరసత్వం వచ్చింది. 2028లో మొదటిసారి అధ్యక్ష ఎన్నికలో ఓటేస్తాను. మా వాట్సాప్ గ్రూపులో అప్పుడే గొడవలు మొదలయ్యాయి. ఒకరు సర్వే పెడతారు, ఇంకొకరు 'ఫలానా ఆయన ఎలాగూ గెలవడు, ఆయనకి వేస్తే ఓటు వేస్ట్' అంటారు. ఇంత ముందుగా అభ్యర్థుల్ని ఎలా బేరీజు వేసుకోవాలి?
(ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ గ్రూపులో జరుగుతున్నది బేరీజు వేయడం కాదండీ, పందెం కాయడం. సంక్రాంతికి బరి దగ్గర నిలబడ్డవాడికి ఏ కోడి గెలుస్తుందన్నదే కావాలి, ఆ కోడి మంచిదా చెడ్డదా అని అడగడు. మీరు పందెం కాయడం లేదు, నాలుగేళ్లపాటు ఒక దేశాన్ని నడిపే మనిషిని ఎంచుకుంటున్నారు. పైగా ఒక్కో పార్టీ తన అభ్యర్థిని ఓటర్ల చేత ఎంపిక చేయించే ఈ ప్రైమరీ దశలోనే మీకు నిజమైన ఎంపిక ఉంటుంది. నవంబరు వచ్చేసరికి చేతిలో ఇద్దరే మిగులుతారు, అప్పుడు 'ఈయన వద్దు కాబట్టి ఆయన' అని వేసేవాళ్లే ఎక్కువ. పదిమంది ముందున్నప్పుడు కూడా అలాగే లెక్కలేసుకుంటే మీకు దొరికిన అవకాశాన్ని మీరే వదులుకున్నట్టు.

సర్వేల సంగతి చూద్దాం. ఏడాదిన్నర ముందు దేశం మొత్తం మీద చేసే సర్వే చాలావరకు ఎవరి పేరు జనానికి తెలుసో చెబుతుంది, అంతే. 2007 అంతా డెమొక్రాట్ల సర్వేల్లో హిల్లరీ క్లింటన్ ముందున్నారు, రిపబ్లికన్లలో న్యూయార్క్ మాజీ మేయర్ రూడీ జులియాని ముందున్నారు. ఆ ఏడాది వేసవిలో ఇంకో రిపబ్లికన్ జాన్ మెకేన్ దగ్గర డబ్బులైపోయి, సిబ్బంది వెళ్లిపోయి, ఇక ఆయన పని అయిపోయిందని రాసేశారు. చివరికి పోటీ ఎవరెవరి మధ్య జరిగింది? ఒబామాకీ మెకేన్‌కీ. జులియాని ఒక్క రాష్ట్రం కూడా గెలవకుండానే తప్పుకున్నారు. 2003 చివర్లో డెమొక్రాట్ల పోటీలో ఉన్న హోవర్డ్ డీన్‌కి తిరుగులేదన్నారు, 2004 జనవరిలో, అందరికంటే ముందు ఓట్లు పడే అయోవా రాష్ట్రంలో మూడో స్థానంలోకి పడిపోయారు. 2015లో రిపబ్లికన్ స్కాట్ వాకర్ అయోవా సర్వేల్లో ముందుండి, సెప్టెంబరులోనే, అంటే ఒక్క ఓటు కూడా పడకముందే, ఇంటికెళ్లిపోయారు. ఇవన్నీ ఆ రోజుల్లో రాజకీయాలు బాగా తెలిసినవాళ్లు నమ్మిన లెక్కలే. అందుకే మీ గ్రూపులో పెట్టే సర్వే చూసి టెన్షన్ పడకండి.

'గెలవగలిగినవాడికే వేద్దాం' అన్న వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. 2020లో డెమొక్రాట్లు చాలామంది సరిగ్గా ఆ ఆలోచనతోనే బైడెన్ వైపు వచ్చారు, ఆయన గెలిచారు కూడా. కానీ 2004లో కూడా అదే ఆలోచన, బుష్‌ని ఓడించేది యుద్ధంలో పనిచేసి వచ్చిన కెర్రీయే అనుకున్నారు, ఓడిపోయారు. 2008లో ఒబామా పేరుతో, ఆ రంగుతో, నాలుగేళ్లు కూడా నిండని సెనెట్ అనుభవంతో నెగ్గుకు రావడం కష్టమన్నవాళ్లు ఎందరో, ఆయన గెలిచారు. 2016లో ట్రంప్ విషయంలో ఎంతమంది తప్పు చెప్పారో మీకు తెలిసిందే. అంటే ఎవరు గెలుస్తారో చెప్పడం చేయి తిరిగినవాళ్ల వల్లే కావడం లేదు. మన వల్ల కాని ఆ జోస్యం కోసం, మనం చూసి తేల్చుకోగలిగిన దాన్ని పక్కన పెట్టడం ఎందుకు?

మనం చూసి తేల్చుకోగలిగింది ఆ మనిషి ఇంతకుముందు చేసిన పని. నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. గవర్నరుగా చేసినవాళ్లయితే ఏ బిల్లు మీద సంతకం పెట్టారు, దేన్ని వెనక్కి పంపారు, తుపానో కార్చిచ్చో వచ్చినప్పుడు ఏం చేశారు, ఎదుటి పార్టీ చేతిలో సభ ఉన్నప్పుడు బడ్జెట్ ఎలా నెగ్గించుకున్నారు. సెనెటరో ప్రతినిధుల సభ సభ్యుడో అయితే పేరుపేరునా తీసుకునే ప్రతి ఓటూ రికార్డులో ఉంటుంది, కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ప్రసంగంలో చెప్పింది ఒకటి, ఓటేసింది మరొకటి అయితే అక్కడే దొరికిపోతారు. వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఇప్పుడూ వెంట ఉన్నారా, లేక మంచి మనుషులందరూ ఒక్కొక్కరే జారుకున్నారా అన్నది కూడా చూడండి, దీని గురించి ఆ రాష్ట్రంలోని స్థానిక పత్రికలు రాసినంత వివరంగా జాతీయ చానళ్లు చెప్పవు. ఆ ఊరి పత్రిక ఒకటి నెల రోజులు చదివితే పది డిబేట్లు చూసినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

డిబేట్లు చూడొద్దని కాదు. 2011 నవంబరులో రిక్ పెర్రీ తాను ఎత్తేస్తానన్న మూడు శాఖల్లో మూడోదాని పేరు వేదిక మీదే మర్చిపోయారు, అదే జనానికి గుర్తుండిపోయింది. ఆయన పదేళ్లకు పైగా మీ టెక్సస్‌నే పాలించిన మనిషి. ఆ పాలన బాగుందా లేదా అన్న చర్చ అంతా ఆ కొన్ని సెకన్ల కింద మునిగిపోయింది. అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది, ఆయన విధానాలు నాకు నచ్చకపోయినా సరే.

ఇక డబ్బు, జనం. ఈ రెండిటినీ చూసి పడిపోకండి. రిపబ్లికన్ టికెట్ కోసం దిగిన జెబ్ బుష్ తరఫున పెట్టిన సూపర్ పాక్ (పరిమితి లేకుండా చందాలు తీసుకోగల సంస్థ) 2015 మొదటి ఆరు నెలల్లోనే 10 కోట్ల డాలర్లకు పైగా పోగుచేసింది, ఆయనకి దక్కింది 4 డెలిగేట్లు, అంటే పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు నలుగురే. డెమొక్రాట్ల పోటీలో దిగిన మైకేల్ బ్లూమ్‌బర్గ్ 2020లో దాదాపు 100 కోట్ల డాలర్లు సొంత డబ్బు ఖర్చు పెట్టి ఒక్క అమెరికన్ సమోవా దీవుల్లో గెలిచారు. కమలా హారిస్ 2019 జనవరిలో ఓక్లాండ్‌లో ప్రచారం మొదలుపెడితే 20 వేల మంది వచ్చారు, డిసెంబరు 3 కల్లా ఆమె పోటీ నుంచి తప్పుకున్నారు. డబ్బు ఎంత వచ్చిందన్నది కాదు, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్నది చూడండి. 200 డాలర్లు దాటి ఇచ్చినవాళ్ల పేర్లు, వాళ్ల ఉద్యోగాలతో సహా, ఫెడరల్ ఎన్నికల కమిషన్ సైట్‌లో ఉంటాయి. ఒక పరిశ్రమవాళ్లంతా వరసగా పెద్ద మొత్తాలు ఇచ్చి ఉంటే ఆ పరిశ్రమ గురించి ఆ అభ్యర్థి ఏం మాట్లాడుతున్నారో, ఏం మాట్లాడకుండా దాటేస్తున్నారో గమనించండి.

టెక్సస్‌లో ఉన్నారు కాబట్టి మీకు ఇంకో మాట కూడా చెప్పాలి. మీ రాష్ట్రంలో ముందస్తు ఓటింగ్ ఉంటుంది. ప్రైమరీలో దాన్ని మొదటి రోజే వాడేసుకోకండి. 2020లో డెమొక్రాట్ల పోటీలో ఉన్న పీట్ బుటిజెజ్, ఎమీ క్లోబషార్ ఇద్దరూ, చాలా రాష్ట్రాల ప్రైమరీలు ఒకే రోజు జరిగే సూపర్ ట్యూస్‌డేకి ఒకటి రెండు రోజుల ముందు తప్పుకున్నారు, అప్పటికే వాళ్లకి ఓటేసినవాళ్లు తిరిగి వేయడానికి లేకపోయింది. నవంబరు ఎన్నికలో కావాలంటే ముందస్తుగానే వేసేయండి, ప్రైమరీకి మాత్రం చివరిదాకా ఆగండి.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు, గ్రీన్ కార్డు ఉంది. ఎన్నికల్లో ఓటేయొచ్చా? ఎవరో చందా కూడా అడిగారట, ఇస్తే ఏమన్నా ఇబ్బందా?
(తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఓటు వేయకూడదమ్మా. గ్రీన్ కార్డు ఉన్నా పౌరుడు కాదు కాబట్టి అధ్యక్ష ఎన్నికలో ఓటేయడం నేరం, పొరపాటున వేసినా వలస కేసు పెద్దదై దేశం వదిలి వెళ్లాల్సిన పరిస్థితి రావచ్చు. డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్లినప్పుడు ఓటరు నమోదు గురించి కూడా అడుగుతుంటారు, ఆ ఫారంలో తాను పౌరుడినని ఎక్కడా టిక్ పెట్టకూడదని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. చందా మాత్రం ఇవ్వొచ్చు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి చట్టం ఒప్పుకుంటుంది. 2025-26 కాలానికి ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లు పరిమితి, ప్రైమరీ, నవంబరు ఎన్నిక విడివిడిగా లెక్క. ఇంకా హెచ్-1బీ మీద ఉన్న స్నేహితులెవరైనా ఉంటే వాళ్లు చందా ఇవ్వకూడదు, మీ అబ్బాయి పేరు మీద ఇవ్వడమూ కుదరదు. జీతం తీసుకోకుండా సభల్లో కుర్చీలు వేయడం, ఫోన్లు చేయడం లాంటి సాయం ఎవరైనా చేయొచ్చు.

ప్రశ్న: ఉషా వాన్స్ మన వడ్లూరు మూలాలున్న అమ్మాయి. ఆమె భర్త జేడీ వాన్స్ 2028లో నిలబడితే అమెరికా తెలుగువాళ్లందరూ ఆయనకే వేయాలి కదా? వేరేవాళ్లకి ప్రచారం చేస్తామని మా బంధువులే అంటుంటే బాధగా ఉంది.
(తణుకు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ సంతోషం నాకు అర్థమవుతుంది. చిలుకూరి వారి అమ్మాయి ఉపాధ్యక్షుడి భార్యగా నిలబడితే మన జిల్లాలో పండగ చేసుకోవడంలో తప్పేముంది? 2020లో కమలా హారిస్ కోసం తమిళనాడులో వాళ్ల తాతగారి ఊరు తులసేంద్రపురంలో పూజలు చేశారు, 2024లోనూ చేశారు. అది అభిమానం. కానీ ఓటు అభిమానంతో వేసేది కాదు. మీ బంధువులు అక్కడ పన్ను కడతారు, వాళ్ల పిల్లలు అక్కడి బళ్లకి వెళ్తారు, వాళ్ల వీసాలూ ఉద్యోగాలూ అక్కడి నిర్ణయాల మీద ఆధారపడి ఉంటాయి. వాళ్లు తమ బతుకు చూసుకుని వేయాలి. మీరు వాళ్లని నొప్పించొద్దని నా కోరిక.

వాన్స్‌ని కూడా మిగతావాళ్లని చూసినట్టే చూడాలి. 2022లో ఒహాయో నుంచి సెనెటర్‌గా గెలిచారు, రెండేళ్లు చేశారు, 2025 జనవరి నుంచి ఉపాధ్యక్షుడు. ఈ ప్రభుత్వమే 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు పెట్టింది, పదవిలోకి వచ్చిన మొదటి రోజే పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని కుదిస్తూ ఆదేశం ఇచ్చింది. ఈ రెండూ మన ఇళ్లలో నిద్ర లేకుండా చేసిన విషయాలు. వాటి మీద ఆయన వైఖరి ఏమిటో, రేపు తానే అధ్యక్షుడైతే ఏం చేస్తారో అడిగి తెలుసుకున్నాక మీ బంధువులు ఆయనకి వేసినా వేయకపోయినా అది ఆలోచించి వేసిన ఓటు అవుతుంది.

ఉపాధ్యక్షుడంటే పార్టీ టికెట్ విషయంలో సాధారణంగా ముందే ఉంటారు, అది నిజం. నవంబరులో మాత్రం ఆ పదవి అంతగా కలిసిరాదు. పదవిలో ఉండగా పోటీ చేసి నిక్సన్ 1960లో, హంఫ్రీ 1968లో, గోర్ 2000లో, హారిస్ 2024లో ఓడిపోయారు. 1836లో వాన్ బ్యూరెన్ తర్వాత అలా గెలిచింది 1988లో సీనియర్ బుష్ ఒక్కరే. ఇది కూడా జోస్యం కోసం చెప్పడం లేదు. ఉపాధ్యక్షుడు తన అధ్యక్షుడి మంచికీ చెడుకీ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది, ఓటర్లు దాన్ని గట్టిగానే అడుగుతారు.

ప్రశ్న: పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. అయోవా, న్యూ హాంప్‌షైర్ లాంటి చిన్న రాష్ట్రాలకి అంత ప్రాధాన్యం ఎందుకు? అది సరైనదేనా?
(హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ముందు జరుగుతాయి కాబట్టి. 1968లో హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయకుండానే డెమొక్రాట్ల అభ్యర్థి అయ్యారు, షికాగోలో ఆయన్ని ఎంపిక చేసిన పార్టీ మహాసభ బయట పెద్ద గొడవ జరిగింది. ఆ తర్వాత నియమాలు మార్చి ఎంపికను సామాన్య ఓటర్ల చేతికిచ్చారు. 1976లో జిమ్మీ కార్టర్ అనే జార్జియా మాజీ గవర్నరు, దేశంలో చాలామందికి పేరు కూడా తెలియని మనిషి, అయోవాలో ఇంటింటికీ తిరిగారు. నిజానికి అక్కడ మొదటి స్థానం 'ఇంకా ఎవరినీ ఎంచుకోలేదు' అన్నవాళ్లది, కార్టర్ రెండోవాడు. అయినా అభ్యర్థుల్లో ఆయనే ముందు కాబట్టి పత్రికలన్నీ ఆయన వైపు తిరిగాయి, ఏడాది తిరక్కుండా అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. అప్పటి నుంచి అందరూ అయోవాకి పరుగు.

మన దగ్గర ఎమ్మెల్యే టికెట్ ఎవరికివ్వాలో పార్టీ అధినేత ఇంట్లో తేలుతుంది, బి-ఫారం చేతికొచ్చేదాకా అభ్యర్థికే తెలియదు. ఆ పద్ధతితో పోల్చి చూస్తే, అధ్యక్షుడు కావాలనుకునేవాడు ఒక రైతు వంటింట్లో కూర్చుని ప్రశ్నలకి జవాబు చెప్పుకోవడం నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది. సరైనదేనా అంటే మాత్రం, పూర్తిగా కాదు. ఆ రెండు రాష్ట్రాల్లోనూ అత్యధికులు తెల్లవాళ్లు. 2020లో బైడెన్ అయోవాలో నాలుగు, న్యూ హాంప్‌షైర్‌లో ఐదు స్థానాల్లో వచ్చారు, నల్లజాతి ఓటర్లు ఎక్కువగా ఉన్న దక్షిణ కరోలినాలో ఘనంగా గెలిచి నిలబడ్డారు. అక్కడ ఓట్లు మొదట పడి ఉంటే ఆ నెల రోజుల కథనాలన్నీ వేరేగా ఉండేవి. అందుకే 2024లో డెమొక్రాట్లు దక్షిణ కరోలినాని ముందుకి తెచ్చారు. మీరు పరిశోధనకి అంశం వెతుకుతుంటే ఈ వరుస మార్పు మీద పని చేయండి, తెలుగులో దీని మీద రాసినవాళ్లు తక్కువ.

ప్రశ్న: నేను ఏ పార్టీలోనూ నమోదు కాలేదు. ప్రైమరీలో ఓటేయొచ్చా?
(ఫిలడెల్ఫియా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ పెన్సిల్వేనియాలో కుదరదు. అక్కడ ఏ పార్టీ ప్రైమరీలో వేయాలంటే ముందే ఆ పార్టీలో నమోదై ఉండాలి. న్యూయార్క్, ఫ్లోరిడా కూడా అంతే. టెక్సస్, జార్జియా వాళ్లకి పార్టీ నమోదే లేదు, వెళ్లి ఏదో ఒక బ్యాలెట్ అడిగి వేయొచ్చు. గడువు దాటకముందే నమోదు చేసుకోండి, నవంబరులో మీ ఇష్టం వచ్చినవాళ్లకి వేయడానికి అది అడ్డు కాదు.

ప్రశ్న: మాది అయోవానే. మా ఊరి లైబ్రరీకి అభ్యర్థులు వస్తుంటారు, చేయెత్తితే ప్రశ్న అడగనిస్తారు. నాకు గ్రీన్ కార్డు రావడానికి చాలా ఏళ్లు పట్టింది, మా తమ్ముడు ఇంకా ఆ క్యూలోనే ఉన్నాడు. ఏం అడగాలి?
(డి మోయిన్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీకు దొరికిన అవకాశం కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్లకి కూడా దొరకదు, దాన్ని బాగా వాడుకోండి. 'వలసల మీద మీ అభిప్రాయం ఏమిటి' అని అడిగితే కంఠతా వచ్చిన ప్రసంగం అప్పజెప్పి వెళ్లిపోతారు, చప్పట్లు కూడా పడతాయి. తప్పించుకోవడానికి వీల్లేని చిన్న ప్రశ్న వేయాలి.

అధ్యక్షుడి చేతిలో ఉన్నదేది, లేనిదేది అన్నది విడదీసుకుని వెళ్లండి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి దాదాపు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది కాంగ్రెస్ చేసిన చట్టం. దాన్ని అధ్యక్షుడు సంతకంతో మార్చలేరు. 'మొదటి రోజే మీ క్యూ తీసేస్తాను' అని ఎవరైనా అంటే ఆ మనిషికి చట్టం తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నారు. ఆ పరిమితి తీసేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది, రెండు పార్టీలవాళ్లూ వేశారు. సెనెట్‌లో దానికి రిపబ్లికన్ మైక్ లీతో పాటు డెమొక్రాట్ కమలా హారిస్ పేరు పెట్టారు. 2020 డిసెంబరులో సెనెట్ కూడా ఇంకో రూపంలో ఆమోదించింది, రెండు సభల్లో ఒకే బిల్లు నెగ్గకపోవడంతో సమయం అయిపోయి చట్టం కాలేదు. అంత దగ్గరదాకా వచ్చి ఆగిపోయిన పని అది, మన ఇళ్లలో ఎన్నో పెళ్లిళ్లు, ఎంతమంది తల్లిదండ్రుల చివరి చూపులు ఆ ఆగిపోవడంతో ముడిపడి ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి అభ్యర్థి అప్పుడు ప్రతినిధుల సభలో ఉన్నవారైతే ఏ వైపు ఓటేశారో చూసుకుని వెళ్లి, ఎందుకలా వేశారని అడగండి. గవర్నరో ఇంకెవరో అయితే, ఆ బిల్లు మళ్లీ వస్తే సెనెట్‌లో అడ్డంకులు దాటడానికి కావాల్సిన 60 ఓట్లు ఎలా కూడగడతారు, ఎదుటి పార్టీలో ముందుగా ఎవరితో మాట్లాడతారు అని అడగండి. జవాబులో ఒక్క సెనెటరు పేరైనా వస్తే ఆ మనిషి ఆ పని గురించి ఇంతకుముందే కొంత ఆలోచించారని అర్థం. మీ తమ్ముడు ఎన్నేళ్లుగా ఎదురు చూస్తున్నాడో ఆ సంఖ్యతోనే ప్రశ్న మొదలుపెట్టండి, పక్కన కూర్చున్న రైతులకి కూడా ఆ సంగతి తెలియాలి.